కెప్టెన్ వేళ్లు

“వేళ్లు నావి, పేరు కెప్టెన్‌ది! గిదేం న్యాయం, ఓంప్రకాశ్ సార్?”

కరీంనగర్‌ల పుస్తకావిష్కరణ సభ ఒక్కసారి ఆగిపోయింది. వెనక వరుసల లేచి నిలబడ్డడు ఐస్ ఫ్యాక్టరీల పనిచేసే ఖాసిం. చేతిల కొత్త నవల. అట్ట మీద నల్లబడ్డ రెండు వేళ్ల ఫోటో. గవి దక్షిణ ధ్రువంల తప్పిపోయిన కెప్టెన్ వేళ్లని జనం చప్పట్లు కొట్టి ఐదు నిమిషాలు గూడ కాలే.

గా నవల రాసిన ఓంప్రకాశ్ సార్‌కు ధ్రువాల దిక్కు పోయినోళ్లంటే ఏడేండ్ల సంది పిచ్చి. ఆదిలాబాద్ చలికే మూడు రోజులు మఫ్లర్ ఇప్పని మనిషి. ధ్రువాలకు పోయినోళ్ల బండ్లు గుంజిన కుక్కల పేర్లన్నీ నోటికొస్తయి. పక్కింటోళ్ల పేరడిగితే తల గోక్కుంటడు. పోయిన ఎండకాలం “మంచును అనుభవించాలె” అని ఫ్యాక్టరీకొచ్చిండు. బయట మండే ఎండ. సార్ ఒంటి మీద కోటు, కోతిటోపీ, మోకాళ్ల దాక బూట్లు, ఉన్ని అస్తరేసిన తోలు గ్లౌజులు. ఖాసిం వట్టి కాళ్లతోని, చేతులకు గోనెపట్ట చుట్టుకొని, సల్లటి ఉప్పునీళ్ల తొట్టిలకెళ్లి ఐస్ డబ్బాలు గుంజుతుండు.

సార్ ఐస్ అర్రల ఆరు నిమిషాలు కూసున్నడు. ఏడో నిమిషంల తలుపు గుద్దిండు.

“వేళ్లు మొద్దుబారితే ఎట్లుంటది ఖాసిం?” చాయ్ తాగుకుంట అడిగిండు.

ఖాసిం గోనెపట్ట ఇప్పిండు. “గిట్లుంటది సార్. ఇంకో ఎండకాలం గిట్లనే చేస్తే వేళ్లు తీసెయ్యాలన్నడు డాక్టర్. ఫ్యాక్టరీ సేటు మీ దోస్తే గదా, జర గ్లౌజులియ్యమని చెప్పుండ్రి.”

“అద్భుతం!” అని సార్ ఫోన్ తీసిండు. “చెప్తా, చెప్తా. జర వేలు ఇటు తిప్పు.”

చెప్పలే. మూడు వందల ఇరవై పేజీలు రాసిండు గని, గా ఒక్క మాట చెప్పలే. నవలల కెప్టెన్‌కు తోటోళ్లు తమ గ్లౌజులు ఇప్పి ఇస్తరు. సభల గది చదివితే ముందటి వరుసల సేటు గూడ కండ్లు తుడుచుకున్నడు. పుస్తకం అచ్చేయించింది ఆయనే. ఇంక నెలైతె మళ్ల ఎండకాలం.

“కూసో ఖాసిం,” అన్నడు సార్ మైకుల. “నీకు కృతజ్ఞతలు రాసిన, చూడలేదా?”

“నా బిడ్డ ఫర్హీన్ చదివి చెప్పింది సార్. ‘మంచుకు కృతజ్ఞతలు’ అని రాసిండ్రట.”

ఎవరో కిసుక్కున నవ్విండ్రు. ఖాసిం నవ్వలే. సీదా వేదికెక్కిండు. బల్ల మీద, పూలదండ నడుమ, సార్ గా రోజు తొడుక్కున్న గ్లౌజులు జనం చూసెటందుకు పెట్టిండ్రు. ఖాసిం దండ పక్కకు జరిపి రెండూ తొడుక్కున్నడు. వెచ్చగున్నయి.

“గీ జత నాకు. మావోళ్లు ఇంక ఆరుగురున్నరు, సేట్. రేపు పొద్దుగాల డ్యూటీ ఎక్కేయాల్లకు ఆరు జతలు తొట్టి కాడ ఉండాలె. లేకుంటే ఒక్క ఐస్ గడ్డ లేవది. ఓంప్రకాశ్ సార్, కలం తియ్యుండ్రి. గీ మాట కాయితం మీద రాసి, సేటుతోని సంతకం పెట్టియ్యుండ్రి. ఇప్పుడే. ఈడనే.”