కాళమ్మ గాజులు

తండ్రి లేని పిల్లలకు సర్కారు నెలనెలా డబ్బిస్తుంది. బాగానే ఉంది. కానీ తండ్రి లేడని చెప్పాల్సింది కాళమ్మ. ఆ ఒక్క మాటే ఆమె గొంతు దాటి రాదు.

రెండేళ్ల కిందట ఆమె మొగుడు మల్లేశు అండమాన్‌లోని రంగత్ నుంచి చేపల వేటకెళ్ళాడు. డిగ్లీపూర్ వైపు పడవ చెక్కలు తేలాయి, మనిషి తేలలేదు. సముద్రం శవాన్ని అప్పగించేదాకా పెళ్ళాం చేతికి గాజులుండాలని వాళ్ళ శ్రీకాకుళం పేటలో ఆచారం. అత్త మహాలక్ష్మమ్మ ఆ ఆచారాన్ని పట్టుకుని వేలాడుతోంది. రోజూ మొదటి ముద్ద కొడుకు పేర పక్కన పెట్టనిదే ఆ ముసలిది తినదు. ఆమెకు చూపు ఆనదు గానీ, కోడలి గాజుల చప్పుడు ఆగితే చాలు, ఏమైందని అడుగుతుంది.

మొదటిసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఆ గాజులూ బొట్టూ చూసి, మొగుడు బతికే ఉన్నాడని రాసుకుపోయాడు. కళ్ళకు కనబడిందే రాశాడు మహానుభావుడు!

కాళమ్మ రొయ్యలు ఒలిచి తెచ్చే కూలి ముగ్గురికి చాలదు. ఎనిమిదేళ్ళ కూతురు భానును పోర్ట్‌బ్లెయర్‌లో ఒకరింట పనికి పంపడానికి మాటైపోయింది. సర్కారు డబ్బొస్తే పిల్ల బడి మానదు, రాకపోతే పరాయి అంట్లు తోముతుంది.

అందుకే ఆఫీసరు మళ్ళీ వచ్చిన రోజు కాళమ్మ చేతులకు సబ్బు రాసుకుని, గాజులు ఊడదీసి బియ్యం డబ్బాలో దాచి, పగిలిపోయాయని అత్తతో అంది. బొట్టు తుడిచింది. తుడుస్తుంటే మొగుణ్ణి తన చేత్తోనే ముంచుతున్నట్టనిపించింది.

"పతి కహాఁ హై?" మొగుడెక్కడని ఆఫీసరు గుమ్మంలోనే అడిగాడు.

కాళమ్మ బోసి చేతులు చూపింది. భాను ముందుకొచ్చి, నాన్న సముద్రంలో చచ్చిపోయాడని బళ్ళో నేర్చిన హిందీలో టక్కున చెప్పేసింది.

"పాపా మర్ గయే, సర్. సముందర్ మే."

"ఏటంటాందే పిల్ల?" లోపలినుంచి హిందీ రాని అత్త అడిగింది.

"నాన్న వేటకెళ్ళాడని సెబుతాందత్తా," అంది కాళమ్మ.

మరుసటి నెలలో డబ్బు పడింది. డబ్బులొచ్చాయంటూ భాను ఫోన్ పట్టుకుని గంతులేసింది.

"నా కొడుకే అంపినాడా?" అంది మహాలక్ష్మమ్మ, లేవబోతూ.

అవునంటే అబద్ధం. కాదంటే ఆ ముసలి ప్రాణం అక్కడే పోతుంది.

"అవునత్తా," అంది కాళమ్మ.

"నాను సెప్పనేదేటే!" ముసలిది ఏడుస్తూ నవ్వింది. "ముందు కొత్త గాజులు కొనుక్కో. బోసి సేతులు సూత్తే ఆడు బాధపడతాడు."

కొనక తప్పలేదు. కానీ ముందుగా చెప్పకుండా మళ్ళీ తనిఖీకి వస్తానన్నాడు ఆఫీసరు. అప్పట్నుంచి వీధిలో జీపు చప్పుడైతే గాజులు తియ్యాలి, అత్త పిలిస్తే తొడగాలి. కాళమ్మకు తన ఇంట్లోనే ఊపిరాడటం లేదు.

ఒక సాయంత్రం భాను తండ్రి పేర ముద్ద పక్కన పెట్టి, తల్లి చెవి దగ్గరకొచ్చింది.

"అమ్మా, నాన్న నిజంగా వచ్చేస్తే మన డబ్బులు ఆగిపోతాయా?"

కాళమ్మ చప్పున పిల్ల నోరు మూసింది. కొత్త గాజులు గలగలమన్నాయి.

"ఏటంటాందే పిల్ల?" అడిగింది అత్త.