మధ్యాహ్నం గాలి

మా బావమరిది జనార్దనం కొత్త పంచె తెచ్చి నా చేతిలో పెట్టాడు. సన్న జరీ అంచు, మంచి నేత. సౌకార్‌పేటలో అతనికి పప్పుల టోకు కొట్టు ఉంది. శుక్రవారం పొద్దున, రాహుకాలం రాకముందే, నేను ఆ పంచె కట్టుకుని వెళ్లి అతని గల్లాపెట్టె పక్కన కూర్చోవాలి. జీతం బాగానే ఇస్తానన్నాడు. మర్యాదా ఇస్తాడు. మనిషి చెడ్డవాడు కాడు.

"ఎన్న బావా, ఇంకా ఏం యోచన? ఎన్నూరు అప్పళాల కత ముగిసిపాయ కదా."

"యోచన ఏం లేదు లేరా."

"మిరియాల అప్పళం అని పేరు మార్చి అమ్ముండాల నువ్వు. బూడిద ఎవురికీ తెలిసుండదు."

నవ్వాడు. నేనూ నవ్వాను. వంటింట్లోంచి మా ఆవిడ సీతాలక్ష్మి మాత్రం నవ్వలేదు.

"ఆ మాట ఈడ అనొద్దు జనార్దనా. ఆ అప్పళాల లేబులు మీద ఉండేది నా పేరు."

మా నాయన కాలం నుంచి జార్జి టౌన్‌లో మాది అప్పడాల టోకు వ్యాపారం. ఎవరో చేసిన సరుకు కొని ఇంకెవరికో అమ్మడం. అందులో నష్టం అరుదు. అంతకు మించి చెప్పుకోవడానికీ ఏమీ లేదు. చాలా ఏళ్లు అలా గడిచాక, నేను చేయించిన సరుకు నా కళ్ల ముందే ఎండితే చూడాలనిపించింది. మద్రాసు పేరు చెన్నైగా మారడానికి కొంచెం ముందు, ఎన్నూరు పోయే రోడ్డు పక్కన స్థలం దొరికింది. అద్దె చవక. ఎండకు కొదవ లేదు. అప్పడాలు ఒత్తే ఆడవాళ్లు ఆ చుట్టుపక్కలే ఉన్నారు. మినప్పిండి, కూలి, లారీ బాడుగ, కట్టలు కట్టే దారంతో సహా లెక్క వేశాను. ఈ రోజుకీ ఆ లెక్కలో తప్పు కనపడదు. గాలి ఒక్కటే అందులో లేదు.

మా ఇళ్లలో మంచి పని ఏదైనా పొద్దున్నే కావాలి. స్థలం చూసింది పొద్దున. బయానా ఇచ్చింది పొద్దున. పూజా పొద్దున్నే. మంచి ఘడియ దాటకుండా పని ముగించుకుని, బస్సెక్కి కొట్టుకు వచ్చేసేవాణ్ణి. పొద్దునపూట అక్కడ గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది. మధ్యాహ్నానికి తిరుగుతుంది. ఒడ్డునున్న పొగగొట్టాల బూడిదను తెచ్చి మా చాపల మీద పోస్తుంది. ఎవరి పొగ వాళ్లది. అవి నాకంటే ముందు నుంచీ అక్కడే ఉన్నాయి. పన్నెండు దాటాక ఒక్కసారి వెళ్లి నిలబడి ఉంటే నాకే తెలిసేది.

బూడిద ఆగేంత మందం గుడ్డ కప్పి చూశాను, అప్పడం ఎండక బూజు పట్టింది. పొద్దున మాత్రమే ఎండబెట్టి చూశాను, కూలికి సరిపడా సరుకు రాలేదు. రెండో వానాకాలానికి ఆ ఎండబెట్టే యార్డు మూసేశాను, దాని అప్పుల కింద టోకు కొట్టూ పోయింది.

పోయిన కొట్టుకు ఏదో ఒక విలువ కట్టగలను. అక్కడి పొద్దుటి వేళలకు కట్టలేకపోయాను. చాపల మీద వరసగా తెల్లటి అప్పడాలు, ఎండెక్కే కొద్దీ అంచులు లేస్తూ, చేత్తో ఎత్తితే చిన్న గలగల. ఒత్తేవాళ్లకు పెద్దగా ఉండే పంకజం ఒకటి తీసి సూర్యుడికి ఎత్తి పట్టేది. "పారుంగో మొదలాళీ, చూడండి, వెలుగు ఈ పక్క నుంచి ఆ పక్కకి పోతాంది," అనేది. కొట్టు మూసిన తరువాత కూడా, ఆ వేళయితే నా చెయ్యి ఏదో పట్టుకోబోయినట్టు లేచేది.

శుక్రవారం వచ్చింది. స్నానం చేసి పాత పంచెలోనే ఉన్నాను, కొత్తది మడత మీద చంకలో ఉంది. "మిద్దె మీద ఇంటికని నాలుగు అప్పళాలు ఎండేసుండా. పొయ్యేముందు తిరగేసి పోండి," అంది సీతాలక్ష్మి.

పైకి వెళ్లాను. మా వీధి మిద్దెలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని, ఖాళీగా, ఎండలో పడి ఉన్నాయి. దూరంగా హార్బరు క్రేన్లు. అప్పడాల మీద మరక లేదు. కానీ ఇది పొద్దుటి పూట. పొద్దున ఎన్నూరూ ఇలాగే ఉండేది.

కిందికి దిగితే మంచి ఘడియలో సౌకార్‌పేట చేరతాను. నేను కొత్త పంచె మడత విప్పి, నేల మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, నీళ్ల ట్యాంకు నీడలో కూర్చున్నాను.

రాహుకాలం వచ్చింది. దాని వెనకే జనార్దనం రొప్పుతూ మెట్లెక్కాడు.

"బావా! ఆడ పూజకి అయ్యరు కాసుకోనుండాడు. ఈడ ఏం చేస్తాండావు?"

"గాలి తిరగాల."

"ఏంది?"

"పన్నెండు దాటితే తిరుగుతాది. చూసి చెప్తా."

"అది నేనిచ్చిన పంచె కదా!"

"మంచి తెలుపురా. ఏం పడినా కనపడతాది."

అతను తల పట్టుకున్నాడు. సీతాలక్ష్మి మజ్జిగ గ్లాసులతో పైకి వచ్చింది. "అక్కా, నువ్వైనా చెప్పు," అన్నాడు.

ఆమె పంచెను చూసింది, నన్ను చూసింది. "ఈ మిద్దె మొట్టమాడి మీద మన వీధి ఇళ్లకి చాలినన్ని అప్పళాలు ఆరతాయా?" అని నన్నే అడిగింది.

"వీధికి చాలతాయి. అంతకు మించి రావు."

"సరి. పిండి నేను కలుపుతా. లేబుళ్లు మూటలు మూటలు మిగిలుండాయి."

"వాటి మీద మద్రాసు అనుండాది. ఊరి పేరే మారిపాయ!" అన్నాడు జనార్దనం.

"నా పేరు మారలా కదరా."

ఎండ నడినెత్తికి వచ్చి పక్కకు వాలింది. హార్బరు వైపు నుంచి గాలి తిరిగింది. పంచె పొంగి ఇటుకల మధ్య కొట్టుకుంది. ఇంకాసేపు ఆగి, వెళ్లి పంచెను వేలితో రుద్ది చూశాను. కొంచెం వీధి దుమ్ము. పల్చటి గుడ్డ కప్పితే ఆగుతుంది. బూడిద లేదు.

జనార్దనం కూడా వంగి రుద్ది చూశాడు. "పంచె ఉతికించి ఇయ్యి బావా," అని దిగిపోయాడు.

ఈ మిద్దె పోయిన కొట్టును తెచ్చి పెట్టదు, ఆ లెక్క నాకు బాగా తెలుసు. ఉత్తరం వైపు తిరిగి నిలబడ్డాను. ఇక్కడి నుంచి ఎన్నూరు కనపడదు. ఆ చాపలూ అక్కడ లేవు. అయినా చూస్తూనే ఉన్నాను.

సీతాలక్ష్మి ఒక అప్పడం అందించింది. సూర్యుడికి ఎత్తి పట్టాను.