ఊదారంగు ఎలుగుబంటి

శవపేటిక మూత తీయగానే సుదా చెల్లెలి ముఖం వైపు చూడలేదు. చుట్టూ నిలబడ్డ వాళ్ల ముఖాల వైపు చూసింది.

పెట్టెలో పదిహేనేళ్ల ఇంగ్ చేతి పక్కన, ఆమెకిష్టమైన బొమ్మల మధ్య, బొటనవేలంత ఊదారంగు ఎలుగుబంటి ఉంది. స్నానాలగదిలో ఇంగ్ కూలిపోయినప్పుడు పిడికిట్లో దొరికింది అదే. నిజానికి అది బొమ్మలా చేసిన ఈ-సిగరెట్టు; తోక నోట్లో పెట్టుకుని పీలిస్తే పొగ వస్తుంది. నికోటిన్ ఒక్కటే మనిషిని అలా నిలువునా కూల్చదని సుదా నమ్మకం. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. బజార్లో ఎక్కడో కొనుక్కుని ఉంటుందన్నారు పోలీసులు. కానీ ఇంగ్ ఒంటరిగా వీధి దాటిన పిల్ల కాదు. ఇచ్చినవాళ్లెవరో ఇంటికి వచ్చిపోయే మనుషులే.

అమ్మ కంటికి మాత్రం అది బొమ్మ. "దానికిష్టమైనవన్నీ దానితోనే పోనీ" అంటూ తనే పెట్టింది. సుదా ఆపబోయి ఆగింది. అది బొమ్మ కాదని తెలిసిన మనిషి, దాన్ని అక్కడ చూడగానే ఉలిక్కిపడతాడు. ఆ ముఖాన్ని పట్టుకోవాలి. మళ్లీ మూత పడేలోపు దాన్ని తీసేయాలి. అదీ పథకం.

ఆమె అనుమానం నిన్న సాయంత్రమే బాబాయ్ వొరవుట్ మీదికి పోయింది. భిక్షువుల పఠనం అయ్యాక అందరూ బియ్యపు జావ తాగుతుంటే అతను గొంతు పెంచాడు.

"ఈ-సిగరెట్టు నిషేధం నిషేధమని ఏం సాధించారు? మామూలు సిగరెట్టు ప్రతి కొట్లోనూ దొరుకుతుంది. దీన్ని కూడా పన్నేసి అమ్మనిస్తే కల్తీ సరుకు ఎందుకొస్తుంది?"

"పన్నేస్తే నా క్లాసు పిల్లలు మానేస్తారా?" అంది పక్కింటి టీచరు మాలీ. "టాయిలెట్టు తలుపు తీస్తే మామిడిపండు వాసన! బొమ్మల్లా చేసి అమ్మేది ముసలాళ్ల కోసమా?"

"మీరు బెత్తం పక్కన పడేశారు టీచరమ్మా, అందుకే" అన్నాడు బాబాయ్.

అందరూ నవ్వారు. సుదా నవ్వలేదు. కల్తీ మాట ఎవరూ ఎత్తకముందే అతని నోట ఎలా వచ్చింది?

ఇప్పుడు కాటికాపరి ఫన్ తాత కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లతో ఇంగ్ ముఖం కడిగాడు.

"బ్యాటరీ ఉన్నవేమైనా పెట్టారా? ముందే చెప్పండి. నిరుడు ఎవరో ఫోను పెడితే పొయ్యి తలుపు దగ్గరే పేలింది. నా కనుబొమ్మలు చూశారుగా, ఇప్పటికీ మొలవలేదు."

"అన్నీ బొమ్మలే తాతా" అంది అమ్మ.

ఒక్కొక్కరే వచ్చి, వీడ్కోలుగా గంధపుచెక్కతో చేసిన పువ్వు పెట్టి వెళ్తున్నారు. బాబాయ్ వంతు వచ్చింది. పువ్వు పెట్టాడు. చూపు ఎలుగుబంటి మీద ఆగిపోయింది. గబగబా దహనశాల మెట్లు దిగాడు.

సుదా వెంటపడి చెయ్యి పట్టుకుంది.

"పెట్టెలో ఏం చూశావు బాబాయ్?"

"మన పిల్లని చూశాను. ఇంకేం చూడమంటావే?"

"ఎలుగుబంటిని."

"బొమ్మేగా. కాలిపోనీ."

"ఫన్ తాత కళ్లు పోయినా ఫర్వాలేదా?"

అతను చెయ్యి విడిపించుకుని పక్కకి తిరిగాడు. సుదాకి అది చాలు. దాన్ని తీయడానికి పైకి పరుగెత్తింది.

ఎలుగుబంటి లేదు.

బాబాయ్ తర్వాత పువ్వు పెట్టాల్సింది అతని కూతురు, పన్నెండేళ్ల ఖిమ్.

సుదా వెతుక్కుంటూ వెళ్లేసరికి, దహనశాల వెనక కొబ్బరి డొక్కల కుప్ప పక్కన ఖిమ్ ముడుచుకుని కూర్చుంది. పిడికిట్లోంచి ఎలుగుబంటి తోక బయటికి కనిపిస్తోంది.

"ఖిమ్! పడేయ్ దాన్ని!"

"ఒక్కసారే అక్కా. ఇంగక్క పోయినప్పట్నుంచీ నాన్న ఇవి దాచే పెట్టెకి తాళం వేసేశాడు. ఒక్కటీ దొరకట్లేదు. తల పగిలిపోతోంది."

తోక అప్పటికే పెదాల మధ్య ఉంది. ఎలుగుబంటి కళ్లు ఎర్రగా వెలిగాయి.

సుదా ఒక్క దెబ్బతో దాన్ని ఎగరగొట్టింది. ఆలస్యమైపోయింది. ఖిమ్ పక్కకి ఒరిగిపోయింది, కళ్లు తేలిపోయాయి. సుదా కేకకి జనం పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు బాబాయ్ వచ్చాడు. ఏమైందని అడగలేదు.

"ఏ రంగు? గులాబీదా, ఊదాదా? చెప్పవే సుదా, ఏ రంగు?"

అంబులెన్సుకి ఫోన్ చేస్తున్న మాలీ టీచరు అతని వైపు తిరిగింది. అమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది.

"రంగుల సంగతి నీకెలా తెలుసు, వొరవుట్?"

"ఊదా" అంది సుదా.

బాబాయ్ టీచరు చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. "మత్తుమందు... ఆపరేషన్లకి వాడేది. నేనమ్మే ఊదా వాటిల్లో కలిపాను, నేనే కలిపాను. మొన్న మా అన్న కూతురు తాగిందీ అదే. ఆ మందుకి ఏం ఇవ్వాలో అది పట్టుకుని రండి. త్వరగా, మీ కాళ్లు పట్టుకుంటాను!"

సుదా వినాలనుకున్న మాటే అది. ఊరంతా వినేలా చెప్పాడు. ఆమె ఒళ్లో ఖిమ్ ఊపిరి వస్తోంది, ఆగుతోంది, మళ్లీ వస్తోంది. ఎలుగుబంటిలోని మందుని తను ముందే పారబోసి ఉండాల్సిందన్న ఆలోచన ఆమెకి అప్పుడు వచ్చింది.

పైనుంచి ఫన్ తాత కేకేశాడు. "మూత వేసేస్తున్నా. ఇంకా పువ్వు పెట్టాల్సిన వాళ్లున్నారా?"

సుదా ఖిమ్ ఛాతీ మీద అరచెయ్యి ఆనించి, అది మళ్లీ లేస్తుందా అని చూస్తూ కూర్చుంది.