ఇద్దరు వెళ్ళి ఒక్కరే వస్తే

పక్షులకు లెక్కలు రావు. మాటులో కూర్చుని ఫొటోలు తీసేవాళ్ళ పనంతా ఈ ఒక్క ధైర్యం మీదే నడుస్తుంది. ఇద్దరు మనుషులు మాటులో దూరి, ఒకరు బయటికొచ్చి గట్టిగా అడుగులు వేసుకుంటూ వెళ్ళిపోతే, పక్షి పీడ విరగడైందనుకుని గూటికి తిరిగొస్తుంది. లోపల మిగిలిన మనిషి మాత్రం తోడొచ్చినవాడు మళ్ళీ వచ్చేదాకా కదలకూడదు. ఎవరైనా దూరం నుంచి నడిచి వస్తుంటే పక్షి ముందే చూసుకుని మెల్లగా నీళ్ళలోకి జారుకుంటుంది, వాళ్ళు వెళ్ళాక వచ్చి కూర్చుంటుంది. పక్కనున్న గుబురులోంచి హఠాత్తుగా మనిషి లేస్తే మాత్రం అది ఎగిరిపోతుంది, ఆ పూట ఇక రాదు. గుడ్లు కాకులపాలవుతాయి.

సిర్కాకు ఆ తోడు ఆమె తమ్ముడు ఓయివా. ఆమె ఊళ్ళో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు వేళాకోళాలు చేసే రకం అతను. ఆ ఉదయం చిత్తడి మీద వేసిన పలకల బాట వెంట ఇద్దరూ నడుస్తున్నారు. జూన్ మొదటివారమే అయినా ఆ ఉత్తరాది చలిదేశంలో ఎండాకాలం ఇంకా రాలేదు. ఫర్ చెట్ల నీడన ఇంకా మంచు మురికిగా మిగిలి ఉంది. చిత్తడిలో పళ్ళు కాసే హిల్లా మొక్కలు అప్పుడే తెల్లగా పూశాయి. సిర్కా ఓ పువ్వు ముందు మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా తీసింది.

"ఎంతసేపే అక్కా! చర్చిలో కూడా నువ్వింతసేపు మోకరిల్లగా చూళ్ళేదు."

"నోర్మూసుకోరా. గాలొస్తే రేపటికి రేకులుండవు దీనికి."

"అంతకంటే ముందు నీ మోకాళ్ళు రాలిపోయేలా ఉన్నాయి."

సిర్కా నవ్వు ఆపుకుంటూ ఫొటో తీసింది. నవ్వితే వాడికి ఇంకా అలుసు.

చిత్తడి మధ్యనున్న నీటిగుంట ఒడ్డున కొమ్మలతో అల్లిన మాటు ఉంది. దానికెదురుగా, నీటి అంచునే, ఎర్రగొంతు నీటిపక్షి గూడు. ఆ చుట్టుపక్కల చిత్తడులన్నిటిలో మిగిలింది ఆ ఒక్క జంటే. మూడేళ్ళుగా అవి గుడ్లు పెడుతున్నాయి, మూడేళ్ళుగా ఒక్క పిల్లా బతకలేదు. ఓ ఏడు వాన నీళ్ళు ముంచేశాయి. తర్వాత రెండేళ్ళూ బొంతకాకే ఎత్తుకుపోయింది. పోయినసారి ఖాళీ గూడు చూసి సిర్కా పలకల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. ఈసారి రెండు గుడ్లున్నాయి. ఒకదానికి నిన్న సాయంత్రం సన్నగా బీట పడింది.

"పన్నెండింటికి రా. పోయినేడు వేసిన వేషాలు వేశావంటే తోలు తీస్తాను," అని గుసగుసగా బెదిరించింది సిర్కా.

"పోయినేడు ఆవిరిస్నానం గదిలో కునుకు పట్టిందే."

"అబద్ధాలకోరు! పళ్ళికిలించుకుంటూ వచ్చావు."

"రెండు గంటలు ఒంటికి ఆపుకుంటే నీ మొహం ఎలా ఉంటుందో చూద్దామనిపించింది, ఏం చెయ్యను?"

ఓయివా బూట్లు టపటపలాడించుకుంటూ, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. కాసేపటికి పక్షి నీళ్ళలోంచి ఛాతీ మీద పాకుతూ గట్టెక్కి గుడ్ల మీద సర్దుకుంది. సిర్కా ఊపిరి బిగబట్టి లెన్స్ తిప్పింది. ఆ మెడ మీది ఎరుపు ఎన్నేళ్ళు చూసినా ఆమెకు తనివి తీరేది కాదు.

పన్నెండైంది. ఓయివా రాలేదు. మబ్బు కమ్మి, వానలో మంచుముక్కలు కలిసి పడసాగాయి. గుంట అవతల ఎండిన పైన్ చెట్టు మీద బొంతకాకి వచ్చి వాలింది. అది ఎక్కడికీ చూడలేదు, గూటికేసే చూసింది.

ఒంటిగంటైంది. 'వీడి అసాధ్యం కూలా, మళ్ళీ మొదలెట్టాడు,' అనుకుంది. ఆ చిత్తడిలో ఫోన్ పలకదు. ఫ్లాస్కులో కాఫీ ఉన్నా తాగే ధైర్యం లేదు. కాళ్ళు కొయ్యబారాయి. ఫర్ చెట్ల గట్టు వెనక నుంచి పన్నెండప్పట్నుంచీ వడ్రంగిపిట్ట మోత వినిపిస్తోంది. ఎండిన మాను మీద గుక్కతిప్పుకోకుండా టకటకటక. ఆగి, మళ్ళీ టకటకటక. పాపిష్టి తమ్ముడు రాకపోయినా ఇదన్నా తోడుందనుకుంది సిర్కా. లోలోపల వాడిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఇంటికెళ్ళాక వారం రోజులు వాడి మొహం చూడకూడదని కూడా తీర్మానించుకుంది.

రెండు దాటింది. పక్షి కాస్త లేచి గుడ్డును ముక్కుతో తిప్పింది. బీట కన్నమైంది. కన్నంలోంచి చిన్న ముక్కు బయటికొచ్చి కదిలింది. సిర్కా కళ్ళు చెమర్చాయి. ఫొటో మీద ఫొటో తీసింది. మూడేళ్ళకి, దేవుడా, మూడేళ్ళకి! మరొక్క గంట కాకి ఆ కొమ్మ దిగకపోతే చాలు.

టకటకటక. మళ్ళీ అదే మోత. ఈసారి కొంచెం నెమ్మదిగా.

సిర్కా చెయ్యి మీట మీదే ఆగిపోయింది. వడ్రంగిపిట్టలు మోత మోగించేది జత కట్టే కాలంలో, మంచు కరిగే రోజుల్లో. ఇప్పుడు వాటి తొర్రల్లో పిల్లలు ఆకలికి గోల చేస్తుంటాయి, తిండి మోయడానికే వాటికి పొద్దు చాలదు. గంటల తరబడి మాను మీద మోత మోగించే తీరిక ఏ పిట్టకుంది? పైగా ఏ పిట్టా ఇలా అలిసిపోదు. ఇందాకటి మోత కంటే ఇది పొట్టిగా ఉంది. దాని తర్వాతది ఇంకా పొట్టి. ఆ తర్వాత రెండు దెబ్బలు మాత్రమే వినిపించాయి, విడివిడిగా.

అది పిట్ట కాదని తెలిసిపోయింది.

ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం, గుడ్డులోంచి వచ్చిన ముక్కు వైపే చూసింది. మళ్ళీ దెబ్బ వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించింది. వినిపించలేదు.

సిర్కా మాటు కొమ్మలను తన్ని లేచింది. పక్షి భయంతో కేక పెట్టి, నీళ్ళ మీద పరుగు తీసి, గాల్లోకి ఎగిరిపోయింది. పైన్ చెట్టు మీద కాకి రెక్కలు విప్పింది. సిర్కా అటు చూడలేదు. చేతిలో కెమెరా స్టాండు ఉన్న సంగతి కూడా మరిచిపోయి పలకల మీద పరుగెత్తింది.

గట్టు వెనక బాట మలుపులో ఒక పలక పుచ్చి విరిగి ఉంది. పక్కన ఊబిలో నడుం దాకా దిగబడి, ఎండిన మానును ఒక చేత్తో కావిలించుకుని ఉన్నాడు ఓయివా. రెండో చేతిలో విరిగిన పలక ముక్క ఉంది. అరచెయ్యి నెత్తురోడుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఓయివా! ఒరేయ్!"

"కాలు... అడుగున దుంగ కింద ఇరుక్కుంది," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

సిర్కా పలకల మీద బోర్లా పడుకుని, కెమెరాతో సహా స్టాండును బురదలోకి దించి దుంగ కింద గుచ్చి, ఉన్న బలమంతా పెట్టి ఎత్తింది. నాచు కింద నీళ్ళు ఐసులా ఉన్నాయి.

"బూటు వదిలెయ్యరా! కాలు లాగు!"

"కొత్తదే..."

"నీ బూటు మండా, లాగు!"

కాలు బూటులోంచి ఊడొచ్చింది. చంకల కింద చేతులేసి పలకల మీదికి ఈడ్చింది. తన కోటు విప్పి కప్పింది, వీపు రుద్దింది, ఫ్లాస్కులో కాఫీ కోసం వెతికి అది మాటులోనే ఉందని గుర్తొచ్చి తనను తాను తిట్టుకుంది. వాడు బతికే ఉన్నాడని నమ్మకం కుదిరాక ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఎప్పుడు పడ్డావురా?"

"నీకోసం వస్తుంటేనే. పన్నెండవలేదింకా."

"మరి అరవడానికేం రోగం? ఇంత దగ్గర్లో ఉన్నాను! ఒక్క కేక పెట్టుంటే వచ్చేదాన్ని కదా!"

ఓయివా పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"కేక పెడితే అది లేచిపోదూ?" అన్నాడు. "పిట్ట మోతకైతే లేవదనుకున్నా. నీకు మాత్రం తెలుస్తుందనుకున్నా."

సిర్కా వాడి నెత్తురోడుతున్న అరచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. రెండు గంటలు. రెండు గంటలు ఆ మోత వింటూ, వాడిని తిడుతూ కూర్చుంది.

గట్టు అవతల గుంట మీద బొంతకాకి అరిచింది. కాసేపాగి దానికి జవాబుగా ఇంకో కాకి అరిచింది. ఓయివా తలెత్తి అక్క ముఖంలోకి చూశాడు.

"అక్కా, పరిగెత్తు. వెళ్ళి తరుము. నేనిక్కడే కూర్చుంటాను, నాకేం కాదు."

"లేరా," అంది సిర్కా.

"పిల్ల బయటికొచ్చిందా?"

"లే. నా భుజం పట్టుకో."

వాడు ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు కూడా వాడు ఏడవగా ఆమె ఎప్పుడూ చూడలేదు. వాడి చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, నడుం గట్టిగా పట్టుకుని, గుంట వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడకుండా, సిర్కా తమ్ముణ్ణి ఊరి వైపు నడిపించుకుపోయింది.