రాగిపొట్ట చిమ్మట

మ్యూజియంలో అత్త కూర్చునే కుర్చీలో కూర్చోగానే చిట్టికి ఒళ్ళు జలదరించింది. అత్త పోయి ఆర్నెల్లయినా ఆ కుర్చీకి కలరా ఉండల వాసన వదల్లేదు, పైగా ఎవరో వెనక నుంచి భుజం మీద చల్లటి ఊపిరి వదులుతూ వంగి చూస్తున్నట్టే ఉంది.

"ఏమ్మా, మీ అత్త పురుగు సంగతి ఇవాళ తేల్చేస్తావా?" మ్యూజియం పెద్దసారు గుమ్మంలో నిలబడి నవ్వాడు. "అది దెయ్యం లాంటిదమ్మా. ఉందన్నవాళ్ళే గానీ చూపించినవాళ్ళు లేరు!"

చిట్టి పెట్టె మూత తీసింది. లోపల ఆ చిమ్మట ఒక్కటే, సూదికి గుచ్చి ఉంది. గోరంత. బూడిదరంగు రెక్కల మీద వంకర తెల్లగీత, దాని కుటుంబంలో ఇంక దేనికీ లేని రాగిరంగు పొట్ట. ఆ పొట్ట చూసే అత్త దాన్ని కొత్త జాతి అంది, పేరు పెట్టింది, రెండోదాని కోసం ఇరవై ఏళ్ళు రాత్రిళ్ళు పురుగులు వచ్చి వాలేలా తెల్లదుప్పటి ముందు దీపం పెట్టుకుని కళ్ళు కాయలు కాచేలా చూసింది. దొరకలేదు. తోటివాళ్ళంతా నవ్వారు. పొట్ట విప్పి లోపలి భాగాలు చూస్తే ఏ జాతో ఇట్టే తేలేది, కానీ ఉన్న ఒక్కదాన్ని విప్పడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

ఇప్పుడా పని చిట్టిది. మైక్రోస్కోపు కింద చిమ్మట నడుము దగ్గర సూదిమొన ఆనించింది. పొలుసులు రాలాయి. వాటి కింద గులాబీరంగు మెరిసింది.

గోళ్ళరంగు!

మర్చిపోయాననే అనుకుంది ఇన్నాళ్ళూ. తొమ్మిదేళ్ళప్పుడు, ఇదే బల్ల. చెయ్యి తగిలి చిమ్మట పొట్ట ఊడిపడింది, కంగారులో కాలికిందే నలిగిపోయింది. పక్క పెట్టెలోంచి వేరే రకం చిమ్మట రాగిరంగు పొట్ట లాగి, తన గోళ్ళరంగుతోనే అతికించేసింది. అంతలో అత్త వచ్చింది.

"నువ్వేమైనా ముట్టుకున్నావా చిట్టీ?"

"లేదత్తా, ఒట్టు!"

వారం తిరక్కుండా అత్త అదే చిమ్మటని చూసి చిన్నపిల్లలా గంతులేసింది.

"ఏం తేలిందమ్మా?" పెద్దసారు దగ్గరికొచ్చాడు. "పాతది కదా, చేతిలో పొడైపోయిందని రాసెయ్. మీ అత్త పేరూ నిలబడుతుంది, పీడా పోతుంది."

చిట్టి చీటీ తీసింది. 'ఇది కొత్త జాతి కాదు. పొట్ట వేరే చిమ్మటది. అతికించింది అత్త కాదు, నేను' అని రాసి, చిమ్మట ఉన్న సూదికే గుచ్చింది. తర్వాత తల తిప్పకుండానే అంది:

"ముట్టుకున్నానత్తా."

"ఎవరితోనమ్మా?" అన్నాడు పెద్దసారు.

ఆ చల్లటి ఊపిరి మాత్రం భుజం మీంచి కదల్లేదు.