వెనక సీటు

“నా తమ్ముడు పొద్దున్నుంచీ మెతుకు ముట్టనేదే సరోజినీ. నువ్వే ఓ మాట సెప్పి తినిపించాల,” అంది కాసులమ్మ, సరోజిని ఆటో దిగీ దిగకముందే.

డయాలసిస్ చేయించుకుని పలాస ఆస్పత్రి నుంచి వస్తోంది సరోజిని. చేతికి వేసిన కట్టు ఇంకా విప్పలేదు. నీళ్లన్నీ పిండేసిన గుడ్డలా ఉంది ఒళ్లు. ఆడబిడ్డ ఆ కట్టు చూసింది గానీ చూపు అక్కడ ఆగలేదు, పెరట్లోకి పోయింది. అక్కడ తారకేశ్వరరావు మోటారు సైకిల్ ముందు గొంతుక్కూర్చుని ఏవో బోల్టులు విప్పుతున్నాడు. యాభై దాటిన మనిషి, దెబ్బలు తిన్న పిల్లాడిలా మొహం పెట్టుకుని.

కిందటేడు కొబ్బరికాయల బేరాలకని కుర్రాళ్లతో తిరిగి తిరిగి ఆయనకు బండి సోకు పట్టుకుంది. ఉన్న బండికే వెడల్పాటి హేండిలు కావాలన్నాడు, ముందు రెండు పెద్ద లైట్లు కావాలన్నాడు, ఊరి మలుపులో ఉండగానే ఇంట్లో గిన్నెలు అదిరే సైలెన్సరు కావాలన్నాడు. డబ్బు మాత్రం సరోజినిది. జీడిపప్పు మీది పొర గీకి గీకి, వేళ్ల చివర్లు మొద్దుబారేదాకా సంపాదించి, ముసలితనంలో ఒకరి ముందు చెయ్యి చాపకూడదని చీటీ కట్టుకున్నది. ఇవ్వనంది. ఆయన అన్నం మానేశాడు. మర్నాడు ఇదే కాసులమ్మ వచ్చి, “మగోడు ఆకలితో పడుకుంటే నీకు ముద్ద ఎలగ దిగతాదే? సరదా తీరిపోతే ఆడే ఊరుకుంటాడు,” అంది. సరోజిని చీటీ పాడి, డబ్బు ఆయన చేతిలో పెట్టి, ముందు అన్నం తినమని బతిమాలింది.

కాశీబుగ్గలో మెకానిక్ బండి తయారుచేసి ఇచ్చిన రోజు ఊళ్లో పిల్లలంతా చుట్టూ మూగారు. వెనక సీటు తోకెత్తిన పిట్టలా పైకి లేచి, పీటలో సగమంత ఉంది. చీర చక్రంలో పడకుండా ఉండే ఇనుప జాలీ లేదు. పట్టుకునే కడ్డీ లేదు.

“మరి నేనెక్కడ కూకుంటాను బావా?” అంది.

“నువ్వెక్కడికెల్తావే? ఎల్తే జీడిపిక్కల ఫ్యాక్టరీకే గదా. ఆటోలు నేవా?” అని నవ్వాడు. పిల్లలూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని.

ఆ తర్వాత కాళ్లు వాచాయి. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న ఉద్దానంలో కాళ్లు వాస్తే ఎవరూ వాతం అనుకోరు. పరీక్ష చేయించారు, మళ్లీ చేయించారు, ఆఖరికి వారానికి రెండుసార్లు రమ్మన్నారు. మొదటిసారి ఆయన బండి మీదే తీసుకెళ్తానన్నాడు. డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన చేత్తో ఏదీ పట్టుకోకూడదు, రెండో చేత్తో పట్టుకోడానికి ఏమీ లేదు. ఊరు దాటకముందే రెండుసార్లు జారింది. దిగిపోయి ఆటో ఎక్కింది. ఆయన మెకానిక్ దగ్గరకు పరిగెత్తాడు. పాత సీటు ఎప్పుడో పాత ఇనుములో పోయింది. కొత్తగా బిగించినవి తీసి అమ్ముదామన్నా సగం ధరకు కూడా ఎవరూ కొనరట.

అప్పట్నుంచీ మొదలైంది ఆయన బాధ. గడపలోకి వచ్చినవాళ్లందరికీ చెప్తాడు. డబ్బంతా మట్టిపాలు చేశానని తల కొట్టుకుంటాడు. “పెళ్లాం అంటే ఎంత పేణవో సూడండి పాపం,” అని వాళ్లు ఆయన భుజం తట్టి వెళ్తారు. వచ్చినవాళ్లకు టీ పెట్టేది సరోజినే.

ఆమెకు ఈవేళ ఒక మాట చెప్పుకోవాలని ఉంది. ఆస్పత్రిలో పక్క మంచం దేముడమ్మ, మొన్న వెళ్తూ వెళ్తూ, “ఎల్లొత్తానమ్మా, వచ్చేతాప నీకు పనసతొనలు తెత్తాను,” అంది. ఈవేళ ఆ మంచం మీద వేరే మనిషి ఉంది. దేముడమ్మ ఏదని సరోజిని ఎవరినీ అడగలేదు. అడిగితే చెప్తారని భయం. దారి పొడుగునా ఆ భయం గుండె మీద కూర్చునే ఉంది.

పెరట్లోకి నడిచి, గోడకు ఆనుకుని నిలబడింది.

“బావా, మా పక్క మంచం దేముడమ్మ ఈయేల...”

“నా అంత ఎదవ ఉంటాడేటే,” అన్నాడు ఆయన, పానా కింద పడేసి. “నీ కట్టమంతా ఈ ఇనపముక్కల్లో పోసినాను. రాత్తిరి నిద్దర నేదు నాకు. నువ్వెలిపోతే నాకెవులున్నారే? పోనీలే అని ఒక్క మాట అను. నువ్వనకపోతే నాను తిన్ను.”

కాసులమ్మ చాటుగా సైగ చేసింది, అనేయమని.

సరోజిని ఆయన వంక చూసింది. ఆ కన్నీళ్లు దొంగవి కావు. అదే కష్టం. దొంగవైతే కోపం తెచ్చుకోవచ్చు. తను పోయిన రోజు కూడా ఈయన ఇలాగే కూర్చుని ఉంటాడు, అందరూ చుట్టూ చేరి ఓదారుస్తారు. ఆ పని కూడా ఇప్పట్నుంచే తనే చేసిపెట్టాలి కాబోలు.

“ఏడుపొత్తే ఏడు బావా,” అంది మెల్లగా. “నాను కాదన్ను. నన్ను మాత్రం ఓదార్సమనకు. నాకు ఓపిక నేదు.”

“మరి అన్నం?” అంది కాసులమ్మ.

“కుండలో ఉంది వదినా.”

లోపలికి వెళ్లి, పట్టపగలే చాప పరుచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి, ఎవరికీ వినపడకుండా, దేముడమ్మ కోసం ఏడవడం మొదలుపెట్టింది.