“వస్తది” అన్న మాట

మేడ్చల్ స్టేషన్‌లో రైలు దిగి విత్తనాల కంపెనీ ఆఫీసుకు నడుస్తూ శోభారాణి పెదవులు కదుపుతూనే ఉంది. చూసేవాళ్లకు మంత్రం చదువుతున్నట్టుంది. ఆమె వల్లించేది కొత్త ప్రోగ్రామింగ్ భాషలో రెండు వాక్యాలు. అల్వాల్‌లో రైలెక్కినప్పుడు గుర్తున్నవి గేటు దగ్గరికొచ్చేసరికి తారుమారయ్యాయి.

గోదాముల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఆమె రాసిందే. పెళ్లి కాకముందు మొదలుపెట్టింది. ఇప్పుడు చెంపలు నెరిశాయి, మెడ ముందుకు వంగింది. ఆ పాత భాషలో ఎవరు ఎక్కడ చిక్కుకున్నా ఆమె దగ్గరికే వచ్చేవారు. కొత్తదానిలో మళ్లీ ఏమీ రాని మనిషిగా కూర్చోవాలి. అందుకే అంతా కొత్త భాషలోకి మారుస్తామని మేనేజర్ జయకృష్ణ చెప్పిన రోజున, “నాకు వస్తది సార్” అనేసింది.

ఆ ఉదయం స్రవంతి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు పని నేర్పింది శోభారాణే.

“మేడం, గడువు దాటిన బస్తాలు ఏరే ప్రోగ్రాం మీరు రాస్తరా? నేను చూస్త.”

ఒక్కో బస్తా తీయి, తేదీ చూడు, పక్కన పెట్టు, తర్వాతది తీయి అని కంప్యూటర్‌కు అడుగడుగునా చెప్పడమే శోభారాణికి తెలుసు. కొత్త భాషలో అలా నడిపించరట. ఏం కావాలో చెబితే చాలట. రాసింది, చెరిపింది. మళ్లీ పాత మాటలే పడ్డాయి. తెర నిండా ఎర్ర గీతలు.

“గీడ గట్ల గాదు మేడం...” స్రవంతి మెల్లగా అంది.

“నాకు జెప్తున్నవా? నీకు నేర్పిందెవరు?”

గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి.

“మీరే మేడం. నాకేం రాకున్నా ఒక్కనాడు గూడ నవ్వలే. గందుకే నేర్చుకున్న.”

శోభారాణికి ఆమె వైపు చూడడానికి ముఖం చెల్లలేదు. తెర మీది ఎర్ర గీతలనే చూస్తూ అంది.

“నాకు రాదమ్మా. వస్తదని అబద్ధం జెప్పిన.”

“నేనుంట గదా మేడం. కలిసి చేద్దాం.”

మధ్యాహ్నానికి ఒక్క వరుస తప్పు లేకుండా వచ్చింది. “మస్తు రాసిన్రు మేడం” అంది స్రవంతి, పలక మీద మొదటి అక్షరం దిద్దిన పిల్లతో అన్నట్టు. ఎర్ర గీతలకన్నా ఆ మెచ్చుకోలే లోపల గుచ్చుకుంది.

సాయంత్రం శోభారాణి మేనేజర్ గదిలోకి వెళ్లింది.

“కండ్లు సరిగ కనబడ్తలేవు సార్. ఇగ మానేస్త.”

కళ్లు బాగానే ఉన్నాయి. స్రవంతికి చెప్పకుండానే, వెనక గుమ్మం నుంచి వెళ్లిపోయింది.

వారం తర్వాత శోభారాణి కూర్చునే చోటు స్రవంతికిచ్చారు. కూర్చోగానే కాలికేదో తగిలి వంగి చూసింది. బల్ల కింద చిన్న చెక్కపీట, రెండు మడమలు ఆనిన చోట రంగు పోయి, నున్నగా అరిగి ఉంది.